ముక్క పరీక్ష – రంగుల సంగతి

(సంఘం వార్షిక సమావేశంలో మన సభ్యుడైన ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను పిలిచి "ఆరోగ్యం మీద ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. బి.పి. గురించీ, షుగరు గురించీ చెప్పటానికి డాక్టర్లున్నారు. నేను డాక్టరును కాను. 1976 నుంచి 2010 వరకు పెథాలజీ ల్యాబుల్లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. రోగులకు నా ముఖం తెలియదు. నాకు కూడా వాళ్ళ ముఖాలు తెలియవు, వాళ్ళ నంబర్లే తెలుసు. అందుచేత నాకు తెలిసిన ఒక్క విషయమే చెబుతాను. మనవాళ్ళు "ముక్క తీశారు, ముక్క పరీక్షకు పంపారు" అంటారు చూడండి, ఆ ముక్క ఆపరేషన్ గదిలోంచి బయటికి వచ్చాక ఏమవుతుందో, దానికి రంగు ఎందుకు వేస్తారో, ఆ రంగు ఎలా తయారు చేస్తారో చెబుతాను. మన వయసులో ఈ పరీక్ష ఇంటికొకరికైనా వచ్చిపడుతోంది. అది లోపల ఎలా జరుగుతుందో తెలిసుంటే కొంత మేలు.

పోయిన నెల మన సభ్యుడొకాయన, పోర్టులో పనిచేసి రిటైరైనాయన, నన్ను నిలదీశారు. "రక్తపరీక్ష ఉదయం ఇస్తే సాయంత్రానికి చేతిలో పెడుతున్నారు. మా ఆవిడ ముక్క పరీక్షకి ఐదు రోజులు పట్టింది. అన్ని రోజులు దాన్ని ఏం చేస్తారండీ?" అని. ఆయన అడిగింది న్యాయమే.

ముక్క తీసిన వెంటనే దాన్ని ఫార్మలిన్‌లో వేయాలి. శరీరంలోంచి విడిపోయిన కండ ఆ నిమిషం నుంచే చెడటం మొదలుపెడుతుంది. చేపల రేవు ఉన్న ఊళ్ళో ఉన్నాం కాబట్టి ఈ సంగతి నేను విడమరిచి చెప్పనక్కరలేదు. వంద పాళ్ళలో పది పాళ్ళ ఫార్మలిన్, ముక్క పరిమాణానికి కనీసం పదింతల ద్రావణం ఉండాలి. ముక్క చిన్నదైతే కొన్ని గంటలు, పెద్దదైతే ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు నానాలి. ఆ తరువాత ముక్కలోని నీటిని ఆల్కహాలుతో మెట్టుమెట్టుగా లాగేస్తాం. ఆల్కహాలును జైలీన్‌తో లాగేస్తాం. జైలీన్ ఉన్న చోటికి కరిగిన మైనం ఎక్కిస్తాం. మైనం 56, 58 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇదంతా రాత్రంతా మెషీను చేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మెషీను లేక గ్లాసు జాడీల్లోంచి జాడీల్లోకి చేత్తోనే మార్చేవాళ్ళం. మర్నాడు మైనపు దిమ్మలో ముక్కను పొదుగుతాం. దీన్నే బ్లాకు అంటాం. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను. ఎముక కలిసిన ముక్కయితే ముందు ఆమ్లంలో సున్నం కరగాలి, దానికి ఇంకా రోజులు పడతాయి.

ఆ దిమ్మను మైక్రోటోమ్ అనే యంత్రం మీద బిగించి పొరలు కోస్తాం. పొర మందం 3 నుంచి 5 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70, 80 మైక్రాన్లుంటుంది. అంటే వెంట్రుకను నిలువునా ఇరవై చీలికలు చేసినట్టు. ఇప్పుడు వాడి పారేసే బ్లేడ్లు వచ్చాయిగాని, మా రోజుల్లో జానెడు పొడవు ఉక్కు కత్తిని రాయి మీద నూరి, తోలు పట్టీ మీద సానపెట్టి, అప్పుడు పనికి కూర్చునేవాళ్ళం. కత్తిలో కంటికి కనిపించని గంటు ఒక్కటున్నా పొర మీద గీత పడుతుంది. ఇక మన వేసవి సంగతి చెప్పాలా? మే నెలలో మైనం మెత్తబడి పొర ముడుచుకుపోయేది. దిమ్మ మీద ఐసు ముక్క పెట్టి కోసేవాళ్ళం. కరెంటు పోయి ల్యాబు ఫ్రిజ్‌లో ఐసు లేని రోజున చేపలబుట్టల ఐసు తెచ్చి వాడిన సందర్భాలూ ఉన్నాయి. ల్యాబంతా రేవు వాసన వచ్చేది.

కోసిన పొరను గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి గాజు పలక మీదికి ఎత్తుకుంటాం. ఇంతా చేసి దాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే ఏమి కనిపిస్తుందనుకుంటున్నారు? ఏమీ కనిపించదు. నీళ్ళ మీద నీటి బొట్టు పడ్డట్టుంటుంది. మన శరీర కణాలకు తమదంటూ రంగు దాదాపు లేదు. కణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, దాని మధ్యనున్న కేంద్రకం ఎంతుందో రంగు పడితేనే తెలుస్తుంది. అందుకే రంగు.

ప్రపంచమంతటా ముక్క పరీక్షకు మొదట వేసేవి రెండే రంగులు. ఒకటి హెమటాక్సిలిన్, రెండోది ఇయోసిన్. మొదటిది కేంద్రకాలకు నీలం ఇస్తుంది. రెండోది మిగతా కణానికి గులాబి ఇస్తుంది. 1876లో విస్సోవ్‌స్కీ అనే ఆయన ఈ రెంటినీ కలిపి వాడే పద్ధతి ప్రచురించాడు. ఈనాటికీ అదే. స్కానింగులు వచ్చాయి, జన్యు పరీక్షలు వచ్చాయి. అయినా కాన్సరు అవునో కాదో తేల్చటానికి డాక్టరు మొదట చూసేది ఈ నీలం, గులాబి పలకనే.

ఇయోసిన్ రసాయనశాలలో పుట్టిన రంగు. గ్రీకుల ఉషాదేవి పేరు దానికి పెట్టారు. ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళందరికీ ఇది పాత చుట్టమే. ఆడిటర్లు మన లెక్కల మీద టిక్కులు పెట్టిన ఎర్ర సిరాల్లో ఇయోసిన్ వాడేవారు. దీని తయారీలో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. నూరు మిల్లీలీటర్ల నీటికి ఒక గ్రాము పొడి, కొంచెం ఎసిటిక్ ఆమ్లం, అంతే. నా కథంతా హెమటాక్సిలిన్‌తోనే.

హెమటాక్సిలిన్ చెట్టు నుంచి వస్తుంది. మెక్సికోలో కాంపెచే అనే తీరప్రాంతం ఉంది. అక్కడా, ఆ పక్కన బెలీజ్‌లోనూ పెరిగే లాగ్‌వుడ్ అనే చెట్టు చేవలో ఉంటుంది ఈ పదార్థం. స్పెయిన్ వాళ్ళు ఓడలకెత్తి యూరప్‌కు తీసుకుపోయి బట్టలకు నలుపు అద్దకానికి వాడారు. ఆ కలప కోసం స్పెయిన్ వాళ్ళూ, ఇంగ్లీషు వాళ్ళూ చాలాకాలం కొట్టుకున్నారు. తరువాత రసాయన రంగులు వచ్చి బట్టల వ్యాపారంలో దీని పని అయిపోయింది. ల్యాబుల్లో మాత్రం దీన్ని తోసెయ్యగల రంగు ఈనాటికీ రాలేదు. 2008లో ఈ పొడికి ప్రపంచవ్యాప్తంగా కొరత వస్తే ఎన్ని ల్యాబులు ఇబ్బంది పడ్డాయో ఆ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఎక్కడో మెక్సికో అడవిలో చెట్టు కొట్టకపోతే ఇక్కడ విశాఖపట్నంలో మన ముక్క రిపోర్టు ఆగిపోతుంది.

ఇందులో చిత్రమేమిటంటే, సీసాలోంచి తీసిన హెమటాక్సిలిన్ పొడి రంగే కాదు. దాన్ని నీళ్ళలో కలిపి పలక మీద పోస్తే ఏమీ అంటదు. రెండు పనులు జరగాలి. ఒకటి, దానికి ప్రాణవాయువు పట్టి అది హెమటీన్ అనే మరో పదార్థంగా మారాలి. దీన్ని మేము "పక్వం రావటం" అంటాం. రెండోది, దానికి పటిక తోడు కావాలి. మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటికే.

పటిక ఎందుకో కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు చప్పున అర్థమవుతుంది. మచిలీపట్నం, పెడన వైపు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళతో అచ్చు గుద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు ఏమీ ఉండదు. ఆ తరువాత రంగు వేళ్ళు వేసి ఉడికిస్తే పటిక పడినచోటే ఎరుపు తేలుతుంది, మిగతాది నీళ్ళలో పోతుంది. బట్టకూ రంగుకూ మధ్య పటిక మధ్యవర్తి. మా పలక మీద కూడా అంతే. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో హెమటీన్‌ను, రెండో చేత్తో కేంద్రకాన్ని పట్టుకుంటుంది. పటికకు బదులు ఇనుము కూడా పెట్టవచ్చు, అప్పుడు నీలం బదులు నలుపు వస్తుంది. కొన్ని ప్రత్యేక పరీక్షలకు అలా చేస్తాం కూడా. స్టీలు ప్లాంటు మిత్రులు సంతోషించాలి, ఇనుముకు ఇక్కడా ఉద్యోగం ఉంది.

ఈ రంగు తయారీకి చాలా పద్ధతులున్నాయి. 1886 నాటి ఎర్లిక్ పద్ధతిలో ఆల్కహాలు, గ్లిజరిన్, నీళ్ళు, ఎసిటిక్ ఆమ్లం, పటిక కలిపి, వెడల్పు సీసాకు దూది బిరడా పెట్టి ఎండ తగిలే కిటికీలో ఉంచాలి. రెండు నెలలు. రోజూ ఒకసారి కుదపాలి. మా ఆవిడ డాబా మీద ఊరగాయ జాడీలు ఎండబెట్టుకుంటుంటే, నేను ల్యాబు కిటికీలో నా జాడీ ఎండబెట్టుకునేవాణ్ణి. అలా పక్వానికొచ్చిన రంగు ఏళ్ళ తరబడి నిలిచేది.

రోజువారీ పనికి మేము ఎక్కువగా వాడింది 1900లో హారిస్ చెప్పిన పద్ధతి. ఇది వంట లాంటిది, ఒక్క పూటలో అయిపోతుంది. రెండున్నర గ్రాముల హెమటాక్సిలిన్‌ను 25 మిల్లీలీటర్ల ఆల్కహాలులో కరిగించాలి. 50 గ్రాముల పటికను అర లీటరు డిస్టిల్డ్ నీటిలో వేడి చేసి కరిగించాలి. రెండూ కలిపి గబగబా మరిగించి, పొయ్యి మీంచి దించి, ఒకటింపావు గ్రాము మెర్క్యురిక్ ఆక్సైడును చిటికెడు చిటికెడుగా వేయాలి. వేసేటప్పుడు పాలు పొంగినట్టు భగ్గున పొంగుతుంది. అందుకని గిన్నె రెట్టింపు పెద్దదిగా ఉండాలి. నేను మొదటిసారి చేసినప్పుడు సరిపడా ఫ్లాస్కు లేదని చిన్నదాంట్లోనే కానిచ్చాను. సగం రంగు బల్ల మీదికీ, మిగతాది నా చొక్కా మీదికీ వచ్చింది. ఆ చొక్కా మా ఆవిడ ఎన్ని ఉతుకులు ఉతికినా వదలలేదు. పటిక బట్టను పట్టుకుంటుందని అప్పుడే నాకు సరిగ్గా అర్థమైంది.

ద్రావణం ముదురు వంకాయ రంగుకు తిరిగిన క్షణాన ఫ్లాస్కును తీసి చల్లని నీళ్ళ తొట్టిలో దించాలి. ఆలస్యమైతే ప్రాణవాయువు ఎక్కువ పట్టేస్తుంది, రంగు గోధుమ వన్నెకు దిగిపోతుంది. పాకం ముదిరిపోయినట్టే. ఎండలో రెండు నెలలు జరిగే పనిని పాదరసపు భస్మం నిమిషాల్లో చేస్తుంది కాబట్టి ఆపటం కూడా నిమిషాల్లోనే ఆపాలి. మర్నాడు వడగట్టి 20 మిల్లీలీటర్ల ఎసిటిక్ ఆమ్లం కలిపితే వాడుకకు సిద్ధం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పాదరసం విషం. వాడిన రంగును మేమందరం సింకులోనే పోశాం. సింకు నుంచి కాలవలోకి, కాలవ నుంచి సముద్రంలోకి పోయి ఉంటుంది. అప్పట్లో ఎవరూ వద్దనలేదు, మేమూ ఆలోచించలేదు. దాని స్థానంలో సోడియం అయోడేట్ వచ్చాక అర గ్రాముతో అదే పని అవుతోంది. పాదరసంతో చేసిన రంగే బాగుండేదని వాదించే పాతకాపులు ఇంకా ఉన్నారు. నేను ఆ వాదనలో చేరను.

రంగు వేసే వరస కూడా చెబుతాను. పలకను జైలీన్‌లో ముంచి మైనం కరిగించి, ఆల్కహాలు మెట్ల మీదుగా నీళ్ళలోకి దింపి, హెమటాక్సిలిన్‌లో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచుతాం. బయటికి తీసేసరికి అంతా ఎర్రగా, అవసరమైన దానికంటే ఎక్కువ పట్టి ఉంటుంది. అప్పుడు ఒక శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాలులో కొద్ది సెకన్లు మాత్రం ముంచి తీయాలి. ఎక్కువైనది కరిగి కేంద్రకాల్లోనే రంగు నిలుస్తుంది. పనితనమంతా ఈ కొద్ది సెకన్లలోనే ఉంది. రెండు సెకన్లు ఎక్కువైతే కేంద్రకం కూడా వెలిసిపోతుంది.

తరువాత పలకను కుళాయి కింద పెడతాం. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రవాళ్ళు మొదటిసారి చూసి నోరు తెరిచేది ఇక్కడే. ఆ ఎరుపు కళ్ళముందే నీలంగా మారుతుంది. కుళాయి నీటిలో ఉండే కొద్దిపాటి క్షారగుణం చేసే పని అది. డిస్టిల్డ్ నీళ్ళలో పెడితే మారదు. మన ఊరికి ముడసర్లోవ నీళ్ళు, మేఘాద్రిగెడ్డ నీళ్ళు, తాటిపూడి నీళ్ళు, ఇలా పలుచోట్ల నుంచి వస్తాయి. నీళ్ళ రుచి మారిందని ఇళ్ళల్లో ఆడవాళ్ళు అనుకునే రోజున మా పలకలు నీలం తిరగటానికి పట్టే సమయం కూడా మారటం నేను గమనించాను. ముఖ్యంగా వానాకాలంలో ఆలస్యమయ్యేది. అలాంటప్పుడు నీళ్ళలో మెగ్నీషియం సల్ఫేటు, సోడా బైకార్బొనేటు కలిపి వాడుకునేవాళ్ళం. ఆపైన ఇయోసిన్‌లో కొన్ని నిమిషాలు, మళ్ళీ ఆల్కహాలు, జైలీన్, జిగురు, పైన పల్చని గాజు రేకు. పలక తయారు.

ఇంత వివరం ఎందుకు చెబుతున్నాడు ఈయన అనుకుంటున్నారేమో. ఇప్పుడు చెప్పేది నా సొంత అనుభవం. ఊరు, ఆసుపత్రి పేరు చెప్పను.

మన ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటు మీ అందరికీ తెలిసిందే. మనలో చాలామంది నాయనమ్మలు, అమ్మమ్మలు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చినవాళ్ళే. గాలికి ఆరదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, చలికి వెచ్చగా ఉంటుంది అనేవారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ప్రపంచంలో మిగతాచోట్ల అంగిలి కాన్సరు అరుదు. మన దగ్గర అది ఎక్కువగా కనిపించటం విశాఖ వైద్యులు ఏనాడో పట్టుకున్నారు. ఆంధ్ర వైద్యకళాశాల 1923లో మొదలైతే, 1937లోనే డాక్టర్ కిణి, డాక్టర్ సుబ్బారావు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో దీని గురించి రాశారు. 1945లో బొంబాయి టాటా మెమోరియల్‌కు చెందిన ఖానోల్కర్, సూర్యాబాయి ఈ చుట్ట కాన్సరును ప్రపంచ వైద్యుల దృష్టికి తెచ్చారు. 1957లో డాక్టర్ గోవిందరెడ్డి, డాక్టర్ రావు కోస్తా ఆంధ్రలో అంగిలి కాన్సరు గురించే ప్రత్యేకంగా రాశారు. 1971లో డెన్మార్కు డాక్టర్ పిండ్‌బోర్గ్, మన దేశపు డాక్టర్లు కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించిన అధ్యయనం వెలువడింది. ఈ పరిశోధనలన్నింటికీ వెనక ఎక్కడో ఒక బల్ల ముందు మావంటివాడొకడు కూర్చుని పలకలకు రంగు వేసే ఉంటాడు. వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు, ఉండాలనీ నేను అనను.

1981లో ఒక వేసవి. నేను పనిచేస్తున్న చోట హెమటాక్సిలిన్ పొడి అయిపోయింది. ఇండెంటు పెట్టి రెండు నెలలైంది, సరుకు రాలేదు. ఉన్న రంగునే వడగట్టి వడగట్టి వాడుతున్నాను. నిజానికి రంగు రోజూ వాడేముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. కుళాయి నీళ్ళున్న గ్లాసులో నాలుగు చుక్కలు వేస్తే వెంటనే నీలం, ఊదా కలిసిన రంగు తిరగాలి. ఎర్రగానో గోధుమగానో ఉండిపోతే ఆ రంగు చచ్చిపోయిందని అర్థం. ఇంకొకటి, బాగా తెలిసిన పాత ముక్క పొర ఒకటి ప్రతిరోజూ మిగతావాటితో పాటు రంగు వేసి, అది ఎప్పటిలా వచ్చిందో లేదో చూసుకోవాలి. పని ఒత్తిడిలో ఆ వారం నేను రెండూ చేయలేదు.

ఆ రోజు వచ్చిన ముక్కల్లో ఒక మామ్మ అంగిలి ముక్క ఉంది. అడ్డపొగ కేసు. మామూలు పలకల్లాగే రంగు వేసి మా డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, పైపొర దళసరిగా ఉంది, వాపు లక్షణాలున్నాయి, కాన్సరు అని కచ్చితంగా చెప్పే ఆధారం కనిపించలేదు అని రాశారు. కేంద్రకాలు కొంచెం వెలిసినట్టున్నాయేమిటయ్యా అని కూడా అన్నారు. నేను నూనె దీపంలాంటి పాత మైక్రోస్కోపు మీద నెపం నెట్టాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాక్టరుగారి తప్పు కాదది. కేంద్రకం ఎంత పెద్దది, ఎంత ముదురుగా ఉంది, అంచు సాఫీగా ఉందా వంకరగా ఉందా అన్న దాన్ని బట్టే ఆయన తేల్చాలి. ఆ కేంద్రకాన్ని నేను ఆయనకు సరిగా చూపించనే లేదు. తెల్లవారి ల్యాబు తాళం తీయగానే గ్లాసులో నాలుగు చుక్కలు వేశాను. టీ నీళ్ళ రంగు వచ్చింది.

డాక్టరుగారు రాగానే చెప్పేశాను. సస్పెండు చేస్తారనుకున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. కౌంటరు దగ్గరికి స్వయంగా వెళ్ళి, ఇంకా ఎవరికీ ఇవ్వని ఆ వారం రిపోర్టులన్నీ వెనక్కి తెప్పించారు. నేను బస్సెక్కి ఇంకో ఊళ్ళో ల్యాబులో పనిచేసే మిత్రుడి దగ్గరికి పోయి ఐదు గ్రాముల పొడి కాగితంలో పొట్లం కట్టించుకొచ్చాను. రాత్రికి రంగు కాచాను. పెద్ద ఫ్లాస్కులోనే. మర్నాడు మామ్మ బ్లాకు మళ్ళీ మైక్రోటోమ్‌కు ఎక్కించి, ఇంకొంచెం లోతుకు పొరలు కోసి కొత్త రంగు వేశాను.

ఈసారి ఆయన కన్నానిచ్చి చూస్తూ నన్ను పిలిచి చూపించారు. పైపొర తన హద్దు దాటి కిందికి దిగింది. లోపల గుంపులు గుంపులుగా కణాలు, ముదురు నీలపు కేంద్రకాలు, ఒకదానికొకటి పోలిక లేకుండా. వాటి మధ్య గుండ్రంగా చుట్టలు చుట్టుకున్న గులాబి పొరలు. వాటిని కెరటిన్ ముత్యాలంటారు. పేరు ఎంత అందంగా ఉన్నా అది కాన్సరే. రిపోర్టు మారింది.

మామ్మ రెండు రోజులుగా కౌంటరు దగ్గరికి తిరుగుతోంది. మూడోరోజు నేనే కాగితం ఇవ్వటానికి వెళ్ళాను. "ఏటి బాబూ, నిన్ననగా వొస్తే రేపన్నారు, రేపొస్తే మరి రేపన్నారు. బస్సుకి డబ్బులు మీ బాబిస్తాడేటి?" అని అందరి ముందూ నన్ను కడిగేసింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? నేను తల వంచుకుని కాగితం ఇచ్చి, పెద్ద డాక్టరుగారి గది ఎటో చూపించాను. ఆవిడకు అసలు సంగతి ఎప్పటికీ తెలియలేదు. కొన్ని వారాల తరువాత అదే పేరుతో, అదే ఊరితో పెద్ద ముక్క ఒకటి రిజిస్టరులో ఎక్కింది. ఆపరేషను చేసి తీసింది. ముక్క అంచుల్లో ఎక్కడా కాన్సరు లేదని డాక్టరుగారు రాశారు. నాకు తెలిసింది అంతవరకే. మా వృత్తిలో మనుషుల కథలు రిజిస్టరులో కనిపించినంతవరకే తెలుస్తాయి.

ఆ తరువాత 29 ఏళ్ళ సర్వీసులో గ్లాసులో నాలుగు చుక్కలు వేయకుండా నేను ఒక్క రోజు కూడా పని మొదలుపెట్టలేదు. ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో రంగులు వేసే మెషీన్లొచ్చాయి, తయారు రంగు సీసాల్లో వస్తోంది. అయినా సీసా మీద తేదీ చూసేది, పాత రంగు పారబోసేది మనిషే.

పోర్టు మిత్రులు అడిగిన ఐదు రోజుల లెక్కకు వస్తాను. నాననివ్వటానికి ఒక రోజు, మెషీనులో ఒక రాత్రి, దిమ్మ కట్టి కోసి రంగు వేయటానికి ఒక రోజు, డాక్టరు చూడటానికి ఒక రోజు. అనుమానం వస్తే ఇంకా లోతుకు కోసి మళ్ళీ రంగు వేయటానికి మరొకటో రెండో రోజులు. "మళ్ళీ రమ్మన్నారు" అంటే అది ఎప్పుడూ నిర్లక్ష్యమే కానక్కరలేదు. రెండోసారి చూస్తున్నారని కూడా కావచ్చు. అడిగితే చెబుతారు, అడగండి.

మన చేతిలో ఉన్న సంగతులు కొన్ని చెప్పి ముగిస్తాను. చిన్న నర్సింగుహోముల్లో ముక్క తీసి, మీ అబ్బాయి చేతికే సీసా ఇచ్చి ఫలానా ల్యాబులో ఇచ్చి రమ్మంటారు. ఆ సీసాలో ఉన్నది ఫార్మలిన్ అవునా అని అడగండి. ఇంజెక్షన్ సీసాలో ఉప్పునీళ్ళు పోసి పంపినవి, పొడిగా దూదిలో చుట్టి పంపినవి నేను ఎన్నో చూశాను. అలా వచ్చినదానికి ఎంత మంచి రంగు వేసినా కుళ్ళిన కేంద్రకం నీలం తిరగదు. మళ్ళీ ముక్క తీయాలి. ఒక్కోసారి తీయటానికి రెండో ముక్క ఉండదు. సీసా మీద పేరు, వయసు, ఎక్కడి నుంచి తీశారో రాసి ఉందో లేదో చూసుకోండి. మూత బిగించండి, ఫార్మలిన్ కళ్ళను మండిస్తుంది.

ఇంకొక డాక్టరుకు చూపించుకోవాలనుకున్నప్పుడు, అగనంపూడి హోమీభాభా కాన్సరు ఆసుపత్రికే వెళ్ళండి, హైదరాబాదే వెళ్ళండి, రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకుపోతే చాలదు. పలకలు, బ్లాకు అడిగి తీసుకోండి. కాగితంలో ఉన్నది ఒక డాక్టరు అభిప్రాయం. బ్లాకులో ఉన్నది మీ శరీరం. దాన్నుంచి మళ్ళీ పొరలు కోయవచ్చు, కొత్త రంగు వేయవచ్చు, ఇప్పుడు వచ్చిన ప్రత్యేక పరీక్షలూ చేయవచ్చు. సంతకం పెట్టించుకుని ఇస్తారు, పని అయ్యాక తిరిగి ఇచ్చేయమంటే ఇచ్చేయండి. మామ్మ విషయంలో నా తప్పు దిద్దుకోగలిగింది బ్లాకు ఉండబట్టే.

సభలో ఒక అక్కగారు చీటీ పంపారు. వాళ్ళ అత్తగారు ముప్ఫై ఏళ్ళు అడ్డపొగ కాల్చి ఆమధ్య మానేశారట, ఇప్పుడు భయం లేదా అని. మానేయటం ఎంతో మంచిపని. అయినా నెలకొకసారి పగటి వెలుతురులో నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లటి దళసరి మచ్చ, ఎర్ర చుక్కలు, రెండు వారాలు దాటినా మానని పుండు కనిపిస్తే పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ముక్క తీస్తామంటే వద్దనకండి. ముక్క తీస్తే జబ్బు పాకుతుందనే మాట నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వింటున్నాను. ఆ భయంతో ఆలస్యం చేసుకుని వచ్చినవాళ్ళ పలకలు కూడా నేనే రంగు వేశాను.

వెనక వరసలోంచి ఇంకొకరు, బ్లాకు ఇంట్లో ఎలా దాచాలి అని అడిగారు. ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేదు. చిన్న డబ్బాలో వేసి, పైన పేరు, నంబరు రాసి, బీరువాలో పలకలతో పాటు పెట్టండి. పలకలు వెలుతురులో ఉంచితే గులాబి రంగు వెలిసిపోతుంది, నీలం మాత్రం నిలుస్తుంది. బ్లాకును వంటింటి గట్టు మీద పెట్టకండి. మే నెలలో బీచి రోడ్డు మీద ఎండలో ఆపిన కారులో అసలు వదిలిపెట్టకండి, మైనం కరిగిపోతుంది.